బయానా మనం ఇస్తాం, తేదీ వాళ్ళు చెప్తారు

సంతలో ఎద్దుల జత బేరం కుదిరాక, మిగతా డబ్బు తెచ్చేలోపు కొనేవాడు అమ్మేవాడి చేతిలో పెట్టే చిన్న మొత్తానికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. సంచకారం, అచ్చారం, బయానా. కొన్ని ఊళ్ళలో బజానా అంటారు. సంస్కృతంలో దీన్ని సత్యంకారం అన్నారు, అమరకోశంలో వైశ్యవర్గంలో ఉంటుందీ మాట. అంటే ఇచ్చిన మాటని నిజం చేసేది అని. నాకు భలే నచ్చిన విషయమేంటంటే, ఈ పేరులో డబ్బు లేదు, మాట ఉంది.

పైగా ఆ మాట ఇద్దరిదీ. బయానా ఇచ్చినవాడు వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోతుంది. పుచ్చుకున్నవాడు ఆ ఎద్దుల్ని ఇంకొకడికి అమ్మకూడదు, అమ్మితే ఊళ్ళో పరువు పోతుంది. ఎప్పటికి మిగతా డబ్బు ఇవ్వాలి, ఎప్పుడు తోలుకెళ్ళాలి అన్నది కూడా ఆ పూటే అనుకునేవారు. ఇప్పటికీ పొలమో ఫ్లాటో కొంటే అగ్రిమెంటులో గడువు తేదీ లేకుండా ఎవరూ సంతకం పెట్టరు కదా.

మరి కారు దగ్గరికొచ్చేసరికి ఏమైంది? షోరూములో బుకింగ్ ఎమౌంట్ కట్టి రసీదు తెచ్చుకుంటాం. అందులో మన పేరు, రంగు, వేరియంటు, కట్టిన తేదీ అన్నీ ఉంటాయి. బండి ఎప్పుడిస్తారో మాత్రం ఉండదు. ధర కూడా 'డెలివరీ రోజున ఉన్నదే' అని ఉంటుంది. రెండు వైపులా ఉండాల్సిన మాట ఒక్క వైపుకి ఎప్పుడు ఒరిగిందా అని వెతికితే, డెబ్భై ఏళ్ళ చరిత్ర బయటపడింది. అదే ఈ సోది :)

మొదట లైసెన్సుల కాలం. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్న ఫ్యాక్టరీలో ఎక్కువ తయారు చెయ్యాలన్నా ఢిల్లీ అనుమతి కావాలి. కార్లు తయారు చేసేవాళ్ళు చెప్పుకోదగ్గవాళ్ళు ముగ్గురే. కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్, బొంబాయిలో ఫియట్ (దానికే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టారు), మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్. ఈ ముగ్గురూ కలిసి 1980 నాటికి కూడా దేశం మొత్తానికి ఏడాదికి అర లక్ష కార్లు తయారు చెయ్యలేదు. ఇప్పుడు మన దేశంలో ఒక్క నెలలో అమ్ముడయ్యేవే అంతకి ఎన్నో రెట్లు.

సరుకు తక్కువ, ధర మీద ప్రభుత్వం చెయ్యి. ఇలాంటప్పుడు ఏం జరుగుతుందో రేషన్ షాపు చూసిన ఎవరైనా చెప్పగలరు, క్యూ పెరుగుతుంది. ఆ క్యూని అదుపు చెయ్యడానికి 1959లో కార్ల పంపిణీ, అమ్మకాల మీద ఒక కంట్రోల్ ఆర్డరు వచ్చింది. మరుసటి ఏడాది స్కూటర్లకీ అలాంటిదే. డీలరు తనకి నచ్చినవాడికి అమ్మేసుకోవడానికి వీల్లేదు, పేరు నమోదైన వరుసలో ఇవ్వాలి. ప్రభుత్వ కోటా వేరే ఉంటుంది. కొన్నవాడు వెంటనే లాభానికి అమ్ముకోకుండా దాని మీదా ఆంక్షలు.

ఇక్కడ మనవాళ్ళు మర్చిపోయిన ఒక మంచి ఏర్పాటు ఉంది. స్కూటర్ బుక్ చేసేవాళ్ళ దగ్గర బయానా డబ్బు డీలరు గల్లాపెట్టెలోకి వెళ్ళేది కాదు. పోస్టాఫీసులో సేవింగ్స్ ఖాతా తెరిచి, అందులో డబ్బు వేసి, ఆ పాస్‌బుక్కుని డీలరు పేరున తాకట్టుగా రాసివ్వాలి. అంటే 'నేను నిజంగా కొనేవాణ్ణే' అన్న రుజువు డీలరుకి ఉంటుంది, కానీ డబ్బు మాత్రం అతని వ్యాపారానికి పనికిరాదు. వడ్డీ మన ఖాతాలోనే. సత్యంకారం అన్న మాటకి ఇంత దగ్గరగా వచ్చిన పద్ధతి ఆ తర్వాత నాకెక్కడా కనపడలేదు. లైసెన్సు రాజ్ గురించి మంచి మాట చెప్పాల్సి వస్తుందనుకోలేదు గానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పాలిగా.

అయితే పద్ధతి ఎంత బాగున్నా సరుకే లేకపోతే ఏం లాభం? బజాజ్ స్కూటర్ కోసం ఒక దశలో పదేళ్ళ దాకా వెయిటింగ్ ఉండేది. అనుమతించిన దానికంటే ఎక్కువ తయారు చేస్తే నేరం అన్న కాలమది. ఎక్కువ తయారు చేసినందుకు జైలుకెళ్ళడానికైనా సిద్ధమే అని రాహుల్ బజాజ్ అనేవారని చెప్తారు. మన రాష్ట్రంలోనూ ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అని ప్రభుత్వ సంస్థ ఉండేది, 80ల్లో ఇటలీ పియాజియోతో కలిసి వెస్పా పీఎల్ 170 తీసింది. అది ఎక్కువ కాలం నిలవలేదు.

కాగితం మీద ఈ క్యూ మనం కాలేజీలో చదువుకున్న ఫిఫోనే, ముందొచ్చినవాడికి ముందు. ఆచరణలో మాత్రం ప్రయారిటీ క్యూ. ప్రభుత్వ కోటా వాళ్ళు ముందు. విదేశీ మారకంలో డబ్బు కట్టగలిగినవాళ్ళకి ఇంకో దారి, అంటే గల్ఫ్‌లోనో అమెరికాలోనో బంధువులుంటే పని త్వరగా అయ్యేది. మిగిలినవాళ్ళు ఎదురుచూడాలి. ఎదురుచూసి సంపాదించిన అలాట్‌మెంట్ కాగితమే ఒక ఆస్తి. దాన్ని బ్లాకులో అమ్మితే స్కూటరు ఖరీదు మీద వేలల్లో వచ్చేది.

మా తాతయ్య తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన స్కూటర్ బుక్ చేసినప్పుడు మా మేనత్త ఆరో తరగతి. అలాట్‌మెంట్ వచ్చేసరికి ఆవిడకి పెళ్ళి కుదిరింది. స్కూటరు షోరూము నుంచి సరాసరి మామయ్య వాళ్ళింటికే వెళ్ళింది. తాతయ్య రిటైరయ్యేదాకా సైకిలే తొక్కారు. ఎప్పుడైనా అడిగితే "నేను బుక్ చేసింది నా కోసమేరా, అది వచ్చేసరికి నా అవసరం మారిపోయింది" అనేవారు నవ్వుతూ. ఆ మాటలో ఉన్న అసలు సంగతి నాకు ఈ మధ్యే అర్థమైంది. తేదీ లేని బయానాలో మనం కోల్పోయేది వడ్డీ ఒక్కటే కాదు. ఆ వస్తువు మనకి ఏ వయసులో కావాలో ఆ వయసు కూడా.

ఇక మారుతి కథ. ఇది రెండు భాగాలు, రెండింట్లోనూ డిపాజిట్లే కీలకం.

మొదటి భాగంలో 1970లో సంజయ్ గాంధీకి చిన్న కారు తయారీకి అనుమతి దొరికింది, 1971లో మారుతి లిమిటెడ్ అన్న కంపెనీ పెట్టారు. కారు ఇంకా రోడ్డెక్కక ముందే డీలర్లని నియమించి వాళ్ళ దగ్గర డిపాజిట్లు తీసుకున్నారు. మొత్తం రెండు కోట్లకి పైనే, ఆ రోజుల్లో. డీలర్లు షోరూములు కట్టుకుని కూర్చున్నారు. కార్లు రాలేదు. ఎమర్జెన్సీ ముగిసి 1977లో ప్రభుత్వం మారాక కంపెనీ మూతపడింది, జస్టిస్ ఎ.సి. గుప్తా కమిషన్ దాని లెక్కలన్నీ విచారించింది. లేని కారు మీద బయానా తీసుకోవడం మన దేశంలో స్టార్టప్‌లతో మొదలవలేదన్నమాట.

రెండో భాగం మీకు తెలిసిందే. 1980లో ప్రభుత్వం ఆ కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1981లో మారుతి ఉద్యోగ్ వచ్చింది, 1982లో సుజుకీతో ఒప్పందం. 1983 ఏప్రిల్‌లో బుకింగ్ మొదలుపెట్టారు. కట్టాల్సింది 10,000 రూపాయలు. కారు ధర 47,500. అంటే ధరలో అయిదో వంతు ముందే. బండి ఎవరూ నడిపి చూడలేదు, కంపెనీకి అప్పటిదాకా చరిత్ర అంటూ ఉంటే అది పైన చెప్పిన మొదటి భాగమే. అయినా రెండు నెలల్లో సుమారు 1,35,000 మంది కట్టారు.

మనం ఇంజనీర్లం కాబట్టి గుణించి చూద్దాం. 1,35,000 ఇంటూ 10,000 అంటే 135 కోట్లు. ఒక్క కారు కూడా బయటికి రాకముందు! జనం ఎందుకు కట్టారు? పిచ్చివాళ్ళు కాదు. అంబాసిడర్, ఫియట్ క్యూల్లో నిలబడీ నిలబడీ, ఎక్కడైనా కొత్త వరుస మొదలైతే అందులో ముందుండాలి అన్న తెలివి వాళ్ళకి బాగా వంటబట్టింది. పైగా అలాట్‌మెంట్‌కి బయట ధర పలుకుతుందని స్కూటర్లు నేర్పాయి. అంటే ఆ 10,000 కొందరికి కారు మీద బయానా, కొందరికి లాటరీ టికెట్టు.

ఇంతమందిలో ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది కంప్యూటర్ డ్రా తీసి తేల్చారు. మధ్యతరగతివాళ్ళు చాలామంది తమ వంతు కంప్యూటరు చెప్తే వినడం బహుశా అదే మొదలు. డ్రా అన్నప్పుడు మంత్రిగారి ఉత్తరాలు, తెలిసినవాళ్ళ ఫోన్లు పనిచెయ్యవు, అదొక ఊరట. 1983 డిసెంబర్ 14న, అంటే సంజయ్ గాంధీ పుట్టినరోజున, మొదటి కారు తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్‌పాల్ సింగ్ అందుకున్నారు. బుకింగ్ మొదలైన ఏడాదే మొదటి బండి రావడం అప్పటికి మామూలు విషయం కాదు. కానీ ఏడాదికి లక్ష కార్ల స్థాయికి చేరడానికి ఫ్యాక్టరీకి ఇంకొన్నేళ్ళు పట్టింది కాబట్టి, వరుసలో చివర ఉన్నవాళ్ళకి ఆ డిసెంబర్ ఫోటో చూసి సంతోషించడమే మిగిలింది.

ఇంతలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. డబ్బు తీసుకుని వస్తువివ్వకపోతే అడగడానికి సివిల్ కోర్టు కాకుండా ఇంకో గుమ్మం దొరికింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు తీసేశారు. ఇక క్యూలు పోతాయి అనుకున్నారు అందరూ. పోలేదు, రూపం మార్చుకున్నాయి.

90ల మధ్యలో విదేశీ కంపెనీలు వరసగా వచ్చాయి. అందరూ నేర్చుకున్న మొదటి పాఠం మారుతిదే, ముందు బుకింగ్, తర్వాత ఉత్పత్తి. ఫియట్ యూనోకి రెండు లక్షల పైచిలుకు బుకింగులు వచ్చాయి. కానీ ప్రీమియర్ ఫ్యాక్టరీలో కార్మిక వివాదాలు, ఉత్పత్తి సాగలేదు. ప్యూజో 309 కోసం కట్టినవాళ్ళది ఇంకా కష్టం. ప్రీమియర్‌తో ఆ కంపెనీ భాగస్వామ్యం మూడు నాలుగేళ్ళు కూడా సరిగ్గా నడవలేదు, 1997లో వాళ్ళు దేశం వదిలి వెళ్ళిపోయారు. లైసెన్సు రాజ్‌లో బండి ఆలస్యమయ్యేది. ఇప్పుడు ఆలస్యం కాదు, కంపెనీయే మాయం. అప్పుడు పోస్టాఫీసులో ఉన్న బయానా ఇప్పుడు కంపెనీ ఖాతాలో ఉండటంలో తేడా ఏంటో అప్పుడు తెలిసొచ్చింది జనానికి.

అలాగని అన్నీ అలాగే కాలేదు. 1998 డిసెంబర్‌లో టాటా ఇండికా చూపించాక వారం రోజుల్లో 1,15,000 బుకింగులు వచ్చాయి. మొదట్లో బండికి లోపాలున్నాయన్నారు, కంపెనీ దిద్దుకుంది, ఆ కారు రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగింది. మన హైదరాబాద్ ఐటీవాళ్ళని రాత్రి షిఫ్టులకి మోసిన క్యాబుల్లో సగం ఇండికాలేనేమో అనిపిస్తుంది నాకు.

అదే కంపెనీ 2009లో నానో బుకింగ్ పెట్టింది. ఏప్రిల్ 9 నుంచి 25 దాకా. దరఖాస్తు ఫారమే 300 రూపాయలు. బుకింగ్‌కి మోడల్‌ని బట్టి 95,000 నుంచి 1,40,000 దాకా కట్టాలి. అది బయానా కాదు, దాదాపు కారు ఖరీదే. అయినా 2,03,000 మంది కట్టారు, చాలామంది బ్యాంకు అప్పు తెచ్చి మరీ. వసూలైంది సుమారు 2,500 కోట్లు. మళ్ళీ కంప్యూటర్ డ్రా, మొదటి లక్ష మందికి ధర మారదని హామీ. మిగతావాళ్ళు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, ఉంచితే 8.5% నుంచి వడ్డీ. 2009 జులైలో ముంబైలో మొదటి నానో ఇచ్చారు.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. లక్ష రూపాయల కారు మీద నమ్మకంతో జనం ఇచ్చిన డబ్బుకి వాళ్ళు వడ్డీ చెప్పారు, వరుస చెప్పారు, గుంపులవారీగా గడువులు చెప్పారు. పద్ధతి పరంగా ఇది 1983 కంటే ఒక మెట్టు పైనే. నానో తర్వాత ఎందుకు నిలవలేదు, 2018కి ఎందుకు ఆగిపోయింది అన్నది వేరే కథ. కానీ ఒకటి గమనించండి. రెండు లక్షల బుకింగులు వచ్చిన బండికి కూడా తర్వాత కొనేవాళ్ళు కరువయ్యారు. బుకింగ్ సంఖ్య అంటే గిరాకీ కాదు, అది ఆ వారం జనంలో ఉన్న ఆశ.

మన తరంలోకి వస్తే బయానా మళ్ళీ రూపం మార్చుకుంది. 2021 జులైలో ఓలా స్కూటర్‌కి 499 రూపాయలతో 24 గంటల్లో లక్ష బుకింగులు. 2022 జులై 30న మహీంద్రా స్కార్పియో ఎన్‌కి 21,000 చొప్పున అరగంటలో లక్ష. షోరూము ధరలో లెక్కేస్తే 18,000 కోట్ల అమ్మకమని కంపెనీ ప్రకటించింది. చేతికొచ్చింది 210 కోట్లు.  12 లక్షల దగ్గర మొదలయ్యే బండి మీద 21,000 అంటే రెండు శాతం లోపు.

వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇదీ. మారుతికి అయిదో వంతు, నానోకి దాదాపు పూర్తి ధర, ఇప్పుడు రెండు శాతం. మొదట్లో బయానా క్యూలో చోటు. తర్వాత కంపెనీకి పెట్టుబడి. ఇప్పుడు ఆ డబ్బుతో వాళ్ళకి పెద్ద పని లేదు, వాళ్ళకి కావలసింది మన సంఖ్య. ఏ రంగు ఎంతమందికి కావాలి, ఏ ఊళ్ళో ఎంత గిరాకీ, రేపటి పేపర్లో హెడ్‌లైన్ ఏంటి. మనం కట్టేది డబ్బు రూపంలో ఉన్న డేటా. 2016లో టెస్లా మోడల్ 3 కోసం 1,000 డాలర్లు కట్టిన మన దేశంవాళ్ళున్నారు. ఆ కంపెనీ ముంబైలో షోరూము తెరిచింది 2025 జులైలో. అంతకు కొద్ది నెలల ముందు ఆ పాత డబ్బు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ళు! తాతయ్య స్కూటరు గుర్తొచ్చింది నాకు.

'ధర డెలివరీ రోజునాటిదే' అన్న షరతు ఎప్పుడూ మనకి నష్టమేనా అంటే, కాదు. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు, అంతకుముందే బుక్ చేసి ఎదురుచూస్తున్నవాళ్ళకి ఆ షరతే కలిసొచ్చింది. కాబట్టి అది కుట్రేమీ కాదు. పన్నులు మన చేతిలోనూ లేవు, కంపెనీ చేతిలోనూ లేవు. ధర సంగతి వదిలేద్దాం. తేదీ మాత్రం వాళ్ళ చేతిలోదే కదా? ఫ్యాక్టరీలో రోజుకి ఎన్ని బళ్ళు వస్తాయో, మన ముందు ఎంతమంది ఉన్నారో వాళ్ళకి తెలుసు. చిప్పుల కొరత లాంటివి వస్తే ఆలస్యం కావచ్చు, అర్థం చేసుకుంటాం. ఒక అంచనా రాసివ్వడానికి ఏం అడ్డం?

పోయిన నెల నేనూ ఒక కారుకి 21,000 కట్టాను. రసీదు మీద అంచనా తేదీ వెయ్యమని అడిగితే సేల్స్ అబ్బాయి చాలా మర్యాదగానే "సిస్టంలో ఆ ఫీల్డ్ లేద్సార్" అన్నాడు. మనలో ఎంతమందిమి అచ్చం ఇలాంటి సిస్టమ్సే రాసి బతుకుతున్నాం! ఫీల్డ్ దానంతటదే లేకుండా పోదు. రిక్వైర్‌మెంట్స్ మీటింగులో ఎవరో ఒకరు వద్దనుకుంటేనే ఉండదు. మన పాన్ నంబరుకి ఫీల్డ్ ఉంది, నామినీకి ఉంది, యాక్సెసరీస్‌కి పదమూడు ఉన్నాయి. నేను అక్కడే కూర్చుని, అంచనా ఎంతో ఈమెయిల్లో అయినా పంపమని అడిగాను. మేనేజరు గారితో మాట్లాడి "14 నుంచి 16 వారాలు" అని ఒక వాక్యం పంపారు. కోపాలేం లేవు, అరుపుల్లేవు. అడిగితే ఇచ్చారు. బహుశా అంతకుముందు ఎవరూ అడగలేదేమో.

కాబట్టి బుకింగుకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది నాలుగే ముక్కలు. డబ్బు డీలరు ఖాతాలోకి వెళ్తోందా, కంపెనీ ఖాతాలోకా చూసుకోండి. కాన్సిల్ చేస్తే ఎంత కోత, ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో కాగితం మీద ఉండాలి. మీ వరుస నంబరు అడగండి. అంచనా తేదీ ఏదో ఒక రూపంలో, వాట్సాప్‌లో అయినా సరే, రాతలో తీసుకోండి. రేపు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్ళాల్సి వస్తే నోటిమాట కంటే ఆ ఒక్క వాక్యానికి బలం ఎక్కువ.

పోస్టాఫీసు పాస్‌బుక్ రోజులు తిరిగి రావాలని నేననను, ఆ క్యూలు ఎవరికీ వద్దు. కానీ అప్పటి గుమాస్తాలు ఒక విషయం సరిగ్గా పట్టుకున్నారు, బయానా అంటే అవతలివాడికిచ్చే అప్పు కాదని. సంతలో ఎద్దులమ్మే రైతు కూడా బయానా జేబులో వేసుకునే ముందు ఫలానా రోజుకి తోలుకెళ్ళమని చెప్పేవాడు. అంత పెద్ద కంపెనీలు, అంత పెద్ద సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని, ఆ రైతు చెప్పినంత చెప్పలేవా?